శ్రీమతి సుచేతా కృపలానీ

మహాభారతమున గాంధారి కథ ఎఱుగనివారు మన గ్రామసీమలలో లేరు. వరుడు అంధుడని విని, ఆయనకు లేని చూపు తనకును వలదని ఆమె కన్నులకు వస్త్రము కట్టుకొనెను. లోకము ఆమెను మహాపతివ్రతయని కొనియాడెను. ఆ గంత విప్పి ఒక్కమాఱు సభను పరికించియుండిన కురువంశమునకు మేలు కలిగెడిదేమో యని తలచువారును కలరు. ఆ భారతముననే ద్రౌపది నిండుసభలో నిలిచి, భర్తలు తలలు వంచుకొనియున్న వేళ, ధర్మమేదియో తేల్చుడని పెద్దలను నిలదీసెను. సహధర్మచారిణి యనగా ధర్మమున తోడు నడచునది యని అర్థము. భర్త అభిప్రాయమునకు నీడయై నడచునది యని అర్థము కాదు. ఈ భేదమును మన కాలమున తన నడవడిచే చూపిన స్త్రీ శ్రీమతి సుచేతా కృపలానీ.

1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ లోక్‌సభలో జవహర్‌లాల్ నెహ్రూ మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించెను. స్వతంత్ర భారత లోక్‌సభలో అట్టి తీర్మానము చర్చకు వచ్చుట అదియే మొదలు. నాటికి రెండు నెలలు తిరుగకముందే, అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, ఆయన భార్య సుచేతాదేవి అదే కాంగ్రెసు పక్షమున ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసెను. 1961 జనాభా లెక్కలలో ఏడు కోట్లకు మించిన ప్రజలు గల రాష్ట్రమది. జనసంఖ్యలో దేశమునకెల్ల మొదటిది. భారతదేశమున ఒక స్త్రీ ముఖ్యమంత్రి యగుటయు అదియే ప్రథమము. ఒక్క గృహమున భర్త ప్రభుత్వమును కూల్చనెంచుటయు, భార్య ఆ ప్రభుత్వపక్షమునకే ఒక రాష్ట్రమును నడుపుటయు చూచి లోకులు విస్తుపోయిరి. అయినను ఆ గృహము చెదరలేదు. అది యెట్లు సాధ్యమయ్యెనో తెలియవలెనన్న ఆమె జీవితమును మొదటినుండి చూడవలెను.

సుచేతాదేవి 1908 జూన్ 25న పంజాబులోని అంబాలా పట్టణమున జన్మించెను. పుట్టినింటివారు మజుందారులు, బ్రహ్మసమాజమున చేరిన వంగీయులు. తండ్రి సురేంద్రనాథ మజుందారు ప్రభుత్వ వైద్యుడు. ఉద్యోగరీత్యా ఊరూర మాఱుచుండుటచే బాలిక చదువు పలు పాఠశాలలలో సాగెను. తండ్రి సర్కారు కొలువున నున్నను దేశాభిమానము గలవాడు. బాలికలకు చదువేల యను ప్రశ్న ఆ యింట పుట్టలేదు.

1919లో జలియన్‌వాలాబాగు హత్యాకాండ వార్త ఆ పసిమనస్సున నాటుకొనెను. తోడి యాంగ్లో ఇండియను పిల్లలను తిట్టి అక్కచెల్లెండ్రు తమ కోపము తీర్చుకొనిరట. 1921-22 సంవత్సరములలో వేల్సు యువరాజు భారతయాత్ర చేసినపుడు, ఢిల్లీలో ఆయనకు గౌరవముగా పాఠశాల బాలికలను వీథిప్రక్క నిలువబెట్టిరి. పోమని చెప్పుటకు ఆ సోదరీమణులకు ధైర్యము చాలలేదు. యువరాజుపై కంటె తమ పిఱికితనముపైననే వారికి ఎక్కువ రోషము కలిగెను. ఇష్టము లేని వరుసలో నిలువబడి వచ్చిన ఆ సిగ్గు సుచేతాదేవిని చిరకాలము వెన్నాడెను. తరువాతి కాలమున ఆమె ఏ వరుసలోనికి పోయినను తన బుద్ధి ఒప్పినపుడే పోయెను. ఒప్పనినాడు వెలుపలికి వచ్చెను.

ఢిల్లీలో ఉన్నత విద్య ముగించి, చరిత్రలో ఎం.ఏ. పట్టము పొంది, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున రాజ్యాంగ చరిత్ర బోధించు అధ్యాపకురాలయ్యెను. దేశసేవకై అంతకుముందే ఉవ్విళ్లూరినను, తండ్రి గతించుటతో కుటుంబభారము ఆమె తలపై పడెను. గ్రాసమునకు ఉద్యోగము కావలసివచ్చెను. తన కాళ్లపై తాను నిలిచి, పరులకు అన్నము పెట్టి, పిమ్మటనే ఆమె రాజకీయములలో అడుగిడెను.

కాశీలోనే ఆమెకు ఆచార్య జీవత్‌రామ్ భగవాన్‌దాస్ కృపలానీ పరిచితుడయ్యెను. ఆయన 1888లో సింధుదేశపు హైదరాబాదున పుట్టినవాడు. ఆ ఊరు వేఱు, మన తెలుగుసీమ హైదరాబాదు వేఱు. 1917లో చంపారన్ నీలిమందు రైతుల కష్టములు విచారింప గాంధీమహాత్ముడు వచ్చినపుడు తోడునిలిచిన మొదటివారిలో ఆయన యొకడు. తరువాత కొన్నేండ్లు గుజరాతు విద్యాపీఠమునకు ప్రధానాచార్యుడుగా నుండుటచే ఆచార్య పదము ఆయన పేరున నిలిచిపోయెను. 1934 నుండి పండ్రెండేండ్లు కాంగ్రెసు ప్రధాన కార్యదర్శిగా ఆ మహాసంస్థ లెక్కలును, ఉత్తరములును, తగవులును ఆయన చేతిమీదుగానే నడచెను. 1934 జనవరిలో బీహారును భూకంపము ధ్వంసము చేసినపుడు సుచేతాదేవి అచ్చటి సహాయకార్యములలో పాల్గొనెను. అట్లు పరిచయము స్నేహమై, స్నేహము వివాహసంకల్పమయ్యెను.

ఈ సంకల్పము ఎవరికిని నచ్చలేదు. ఇరుకుటుంబములవారును వలదనిరి. అన్నిటికంటె పెద్ద అభ్యంతరము గాంధీమహాత్మునిది. కృపలానీ తనకు కుడిభుజము వంటివాడు. సంసారబంధమున చిక్కిన ఆ భుజము తనకు దక్కదని ఆయన భయము. ఆ కాలమున మహాత్ముని మాటకు ఎదురాడ పెద్దపెద్ద నాయకులే వెఱచుచుండిరి. ఈ యువతి వెఱవలేదు. ఒక పనివాడు పోవుటకు మాఱుగా ఇరువురు పనివారు దొరకుదురు గదా యని ఆమె సమాధానము చెప్పెను. ఇంకొకరిని పెండ్లాడుమన్న సలహాను త్రోసిపుచ్చెను. తుదకు మహాత్ముడు అడ్డు తొలగించుకొని, ఆశీర్వదింపలేకున్నను వారికొఱకు ప్రార్థింతునని తెలిపెను. 1936 ఏప్రిలులో వివాహము జరిగెను. వధువునకు 28వ ఏడు నడచుచుండెను. వరునకు 47 నిండియుండెను.

ఇరువురు పనివారు దొరకుదురన్న ఆ మాట ఆమెపై అప్పువలె నిలిచెను. ఆ అప్పును ఆమె వడ్డీతో తీర్చెను. వివాహానంతరము మూడేండ్లు కాశీలో పాఠములు చెప్పుచు, 1939లో ఉద్యోగము విడిచి పూర్తిగా కాంగ్రెసు పనిలో దిగెను. 1940లో అఖిల భారత కాంగ్రెసు సంఘమున మహిళా విభాగము ఏర్పడగా దాని నిర్మాణభారము వహించెను. ఆ యేడే ప్రారంభమైన వ్యక్తి సత్యాగ్రహమునకు గాంధీజీ ఏరిన వారిలో ఆమె యొకతె. చెఱసాలకు పోయి వచ్చెను.

1942 ఆగస్టు ఉద్యమము ఆమె స్వతంత్రశక్తికి పరీక్ష. కృపలానీని కార్యవర్గ సభ్యులతోపాటు అహమ్మదునగరు కోటలో బంధించిరి. నెహ్రూ, పటేలు, మన డాక్టరు పట్టాభి సీతారామయ్య అచ్చటనే యుండిరి. ఆ కోటలోనివారికి మూడేండ్ల వఱకు వెలుపలి ఉద్యమముతో సంబంధము లేదు. భర్త లేని ఆ కాలమున సుచేతాదేవి అజ్ఞాతవాసమున నుండి ఉద్యమమును నడిపినవారిలో ప్రముఖురాలయ్యెను. అరుణా అసఫ్ అలీ, రామమనోహర్ లోహియా, అచ్యుత పట్వర్ధన్ మొదలగువారు ఆమె సహచరులు. 1944లో ఆమె పోలీసులకు పట్టుబడెను. 1945లో విడుదల పొందెను. పిమ్మట కస్తూర్బా స్మారక నిధికి సంఘటన కార్యదర్శిగా గాంధీజీయే ఆమెను నియమించెను. ఏ స్త్రీ వలన తన కుడిభుజము పోవునని భయపడెనో, ఆ స్త్రీకే తన ధర్మపత్ని పేరిట వెలసిన నిధి పనిని అప్పగించెను.

1946 అక్టోబరులో తూర్పు బెంగాలులోని నవఖాలీ ప్రాంతమున మతకలహములు చెలరేగెను. గృహములు దగ్ధమయ్యెను, బలవంతపు మతమార్పిడులు, స్త్రీల అపహరణములు జరిగెను. ఆ నేలపై మొదట అడుగుపెట్టిన నాయకులలో కృపలానీ దంపతులు కలరు. ఆచార్యుడు కాంగ్రెసు అధ్యక్షుడుగా ఎన్నికయి నవంబరులో మీరట్ మహాసభకు మరలిపోయెను. ఆమె అచ్చటనే నిలిచిపోయెను. గాంధీజీ నవఖాలీ చేరునప్పటికే ఆమె బురదదారుల వెంట గ్రామములు తిరిగి, అపహరింపబడిన స్త్రీలను వెదకి విడిపించు పనిలో నుండెను. మానరక్షణకై అవసరమైన ప్రాణము విడుచుటకు విషపు గుళిక వెంట నుంచుకొని తిరిగెనని ప్రసిద్ధి. కాంగ్రెసు అధ్యక్షుని భార్య యను గౌరవము ఆ ఊళ్లలో ఎవరిని రక్షింపగలదు? అచ్చట ఆమెకు అక్కఱకు వచ్చినది తన ధైర్యమే.

ఉత్తరప్రదేశము (నాటి సంయుక్త రాష్ట్రము) నుండి ఆమె రాజ్యాంగసభకు ఎన్నికయ్యెను. ఆ సభలోని పదునైదుగురు స్త్రీలలో మన దుర్గాబాయమ్మయు ఉండెను. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి బాబూ రాజేంద్రప్రసాదు అధ్యక్షతన సభ కూడినపుడు, మొదటి కార్యక్రమముగా వందేమాతర గీతపు మొదటి చరణమును సభ్యులందఱు లేచి నిలిచి వినుచుండగా పాడినది సుచేతాదేవియే. సభాంతమున సారే జహాఁసే అచ్ఛా గీతములోని కొన్ని పంక్తులను, జనగణమన మొదటి చరణమును పాడినదియు ఆమెయే. దాస్యమున తుది పాటయు, స్వాతంత్ర్యమున తొలి పాటయు ఒక్క కంఠమున వినబడెను.

స్వరాజ్యము వచ్చెను గాని శాంతి రాలేదు. పశ్చిమ పంజాబునుండియు సింధునుండియు లక్షలాది శరణార్థులు ఢిల్లీ చేరిరి. కాంగ్రెసు సహాయసంఘ కార్యదర్శిగా ఆమె శిబిరముల వెంట తిరిగి వారికి కూడు, గుడ్డ, నీడ సమకూర్చుటకు పాటుపడెను. ఆ జనులలో ఆమెకు కలిగిన ఆదరము పదవి వలన వచ్చినది కాదు. అది తరువాత ఆమె ఎన్నికలలో ఎట్లు పనిచేసెనో చూతము.

1947 నవంబరులోనే ఆచార్య కృపలానీ కాంగ్రెసు అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చెను. ప్రభుత్వము పక్షమును సంప్రదింపక నడచుచున్నదని ఆయన ఆరోపణ. 1950లో మఱల అధ్యక్ష పదవికి పోటీచేయగా, పురుషోత్తమదాస్ టండన్‌కు 1306 ఓట్లు, కృపలానీకి 1092, శంకరరావ్ దేవ్‌కు 202 వచ్చెను. ఓడిన ఆచార్యుడు 1951లో కాంగ్రెసును విడిచి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీని స్థాపించెను. మన టంగుటూరి ప్రకాశం పంతులును ఆంధ్రమున ఆ పార్టీకి నాయకుడయ్యెను. సుచేతాదేవియు కాంగ్రెసు వీడి భర్తతో నడచెను.

1952 మొదటి సార్వత్రిక ఎన్నికలలో దేశమంతట కాంగ్రెసు గాలి వీచెను. కొత్త పార్టీకి లోక్‌సభలో 9 స్థానములు మాత్రమే దక్కెను. ఆచార్యుడు సైతము ఓడిపోయి, మరుసటి యేడు ఉపఎన్నికలో సభ చేరవలసివచ్చెను. సుచేతాదేవి మాత్రము ప్రభుత్వపు ముంగిలియైన న్యూఢిల్లీలోనే, నెహ్రూ బంధువర్గములోని మన్మోహినీ సెహగల్‌ను ఓడించి గెలిచెను. భర్త ఓడినచోట భార్య గెలిచెను. శరణార్థుల శిబిరములలో తిరిగిన ఆ కాళ్లు ఊరక పోలేదు. భర్త పేరు ఆమెకు తలుపు తెఱచియుండవచ్చును. ఆ మాట దాచిపెట్టిన చరిత్ర సత్యము కాదు. లోపలికి పోయి నిలువగలిగినది మాత్రము స్వయంకృషి చేతనే.

ఆ తరువాత కృపలానీ పార్టీ సోషలిస్టులతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ యయ్యెను. ఆ గూటిలోనివారు పలుదారుల పోయిరి. ప్రకాశం పంతులు 1953 అక్టోబరు 1న అవతరించిన ఆంధ్రరాష్ట్రమునకు, ఆ పార్టీని విడిచి కాంగ్రెసు తోడ్పాటుతో ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. సుచేతాదేవియు కొలది కాలమునకే కాంగ్రెసులోనికి మరలెను. ఆచార్యుడు మరలలేదు. 1957 ఎన్నికలలో ఆమె న్యూఢిల్లీనుండి కాంగ్రెసు అభ్యర్థినిగాను, ఆయన బీహారులోని సీతామఢీనుండి ప్రతిపక్షాభ్యర్థిగాను నెగ్గి, ఒకే సభలో ఎదురెదురు వరుసలలో కూర్చుండిరి. కాంగ్రెసువారు పరుల భార్యలను ఎత్తుకొనిపోవువారని ఆచార్యుడు హాస్యమాడెనని లోకవార్త. ఆ హాస్యమున కోపము లేదు. తాను కాంగ్రెసును విడిచినప్పుడు ఆమె తన వెంట వచ్చినందుకు ఆయన గర్వించినట్లే, ఆమె మరలినప్పుడు అడ్డుపడకుండుట ఆయన పెద్దతనము. భార్యకు స్వబుద్ధి యుండవలెనని ఉపన్యసించు పురుషులు పెక్కురు. ఆ బుద్ధి తమకు ఎదురు నిలిచిన నాడు సహించువారు కొందఱే. ఈ దాంపత్యమును మెచ్చునపుడు ఆయన పాలును మఱువరాదు.

పక్షము మాఱుట నిందకు తావీయదా యని చదువరులు అడుగవచ్చును. పదవికొఱకు మాఱినదని నాడు అనినవారు లేకపోలేదు. అయితే ఆమె వెలుపలికి వచ్చినది కాంగ్రెసు అధికారమున నున్నపుడు. పదవులు ఆశించువారు అట్టి వేళ ఇల్లు విడువరు. మరలిన తరువాత ఆమెకు మొదట దక్కినదియు మంత్రిపదవి కాదు, పక్షపు పని. 1958-60 నడుమ కాంగ్రెసు ప్రధాన కార్యదర్శిగా, ఒకనాడు భర్త మోసిన బరువునే తాను మోసెను. 1960లో చంద్రభాను గుప్తా మంత్రివర్గమున ఉత్తరప్రదేశ్ మంత్రిగా కార్మిక, సమాజాభివృద్ధి, పరిశ్రమల శాఖలు వహించెను. 1962లో బస్తీ జిల్లా మెంహదావల్ నుండి శాసనసభకు ఎన్నికయ్యెను.

1963లో కామరాజు పథకమున పెక్కురు ముఖ్యమంత్రులును కేంద్రమంత్రులును పదవులు వదలి పక్షసేవకు మరలవలసివచ్చెను. గుప్తాయు అట్లే రాజీనామా ఇచ్చెను. ఉత్తరప్రదేశ్ కాంగ్రెసు నాడు రెండు వర్గములుగా చీలియుండెను. గుప్తా వర్గము సుచేతాదేవిని బలపఱచెను. కమలాపతి త్రిపాఠి వర్గము ఎదిర్చెను. ఆమె గెలిచెను గాని ఆ గెలుపున ఒక చిక్కు గలదు. ఒక వర్గపు బలముపై పీఠమెక్కినవారికి ఆ వర్గము అన్నివేళల చేయి పట్టుకొనియే యుండును. ఆమె మూడున్నరయేండ్ల పాలనలో ఈ వర్గపోరు తీఱలేదు. దానిని మాన్పుటకు ఆమె శక్తి చాలలేదని ఒప్పుకొనుట న్యాయము.

ఆమె పాలనలో చిరస్మరణీయమైనది రాష్ట్రోద్యోగుల సమ్మె. జీతములు పెంపవలెనని ఉద్యోగులు 62 దినములు పని మానిరి. ఆ రాష్ట్రమున ప్రభుత్వోద్యోగులు అట్లు సమ్మె చేయుట అదియే మొదలు. ముఖ్యమంత్రి లొంగలేదు, నాయకులు రాజీకి వచ్చిన పిమ్మటనే మెత్తబడెను. జీతముల పెంపు మాత్రము ఇయ్యలేదు. ధరలు పెరిగిన కాలమున చిన్న గుమాస్తా కష్టము అబద్ధము కాదు. ఆ దృష్టితో ఆమెను కఠినురాలన్నవారి మాట త్రోసివేయదగినది కాదు. ఖజానాలోనిది రైతు చెల్లించిన శిస్తు అని తలచువారికి ఆమె పట్టుదల సబబుగా తోచును. ఏమైనను, స్త్రీ యగుటచే గట్టిగా నిలువలేదన్న అపోహను ఆ 62 దినములు తుడిచివేసెను.

1967 మార్చిలో ఆమె ముఖ్యమంత్రిత్వము ముగిసెను. ఆ యేడే గోండా నియోజకవర్గమునుండి మఱల లోక్‌సభకు ఎన్నికయ్యెను. 1969లో కాంగ్రెసు రెండుగా చీలినపుడు అధికారమున్న ఇందిరా గాంధి వైపు గాక సంస్థా కాంగ్రెసు వైపున నిలిచెను. పదవికొఱకే పక్షము మాఱినదన్న నిందకు ఇదియొక ప్రత్యుత్తరము. 1971లో రాజకీయములనుండి విరమించెను. 1974 డిసెంబరు 1న పరమపదించెను. సంతానము లేదు. తమ ఆస్తిని ఢిల్లీలోని పేదల మేలుకై తాము నెలకొల్పిన లోక కల్యాణ సమితికి చెందునట్లు చేసెను. ఆమె వ్రాసుకొనుచుండిన స్వీయచరిత్ర అసంపూర్ణముగనే నిలిచి, మరణానంతరము 1978లో వెలువడెను. ఆచార్యుడు 1982 వఱకు జీవించెను.

ఆమె తరువాత మఱొక స్త్రీ భారతదేశమున ముఖ్యమంత్రి యగుటకు 1972 వఱకు, ఒరిస్సాలో నందినీ శతపథి వచ్చువఱకు, వేచియుండవలసివచ్చెను. గొప్పవాని భార్యయగుట వలన పేరు పొందిన స్త్రీలు చరిత్రలో పెక్కురు. ఆ పేరును అప్పుగా ఎంచి, సొంత కష్టముతో చెల్లించి, మిగిలినదానిని లోకమునకు ఇచ్చిపోయినవారు అరుదు. మహాత్మునికి ఆమె మాట యిచ్చినది ఇరువురు పనివారు దొరకుదురని. దేశమునకు దొరకినది ఇరువురు పనివారు మాత్రమే కాదు. ఒకే ఇంట రెండు స్వతంత్రబుద్ధులు అన్యోన్యగౌరవముతో వసింపగలవన్న నిదర్శనము. మన ఇండ్లలోని ఆడపిల్లలు ఈ గ్రంథాలయపు బీరువానుండి ఒక పుస్తకము తీసుకొనిపోవునపుడు, వారు చదివినది వారి బుద్ధిగా నిలువవలెనని కోరు తలిదండ్రులకు, భర్తలకు ఈ జీవితము మననము చేయదగినది.